తలసరి లెక్క చూసి తలుపు మూయకండి
కరీబియన్ దీవుల అప్పులు, తుపానుల గురించి ఒక బహిరంగ లేఖ

ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) కార్యనిర్వాహక మండళ్ల సభ్యులకు,
ఆ మండళ్లలో భారతదేశం తరఫున కూర్చున్న ప్రతినిధులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. 1994లో చిన్న దీవుల దేశాలన్నీ బార్బడోస్‌లో మొదటిసారి సమావేశమైనప్పుడు చేసిన విన్నపాల్లో ఒకటి చాలా సాదాసీదాది. మా పరిస్థితిని తలసరి ఆదాయంతోనే తేల్చకండి, మాకు దెబ్బ తగిలే ముప్పు ఎంతో అది కూడా కొలవండి అని అడిగారు. ఆ కొలత తయారై, బహుముఖ దుర్బలతా సూచిక అనే పేరుతో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదం పొందేసరికి 2024 ఆగస్టు 13 వచ్చింది. ముప్పై ఏళ్లు పట్టింది. తీరా ఆమోదించాక కూడా దాన్ని వాడటం ఎవరి ఇష్టం వారిదన్నారు. ఎవరికి తక్కువ వడ్డీకి అప్పివ్వాలి, ఎవరిని బజారు వడ్డీకి పంపాలి అని మీరు చూసే తూకంలో ఇవాళ్టికీ మొదటి రాయి తలసరి ఆదాయమే.

ఈ లేఖ రాస్తున్న మేము కరీబియన్ దీవుల్లో కట్టడాలు, ఆస్పత్రులు, ప్రభుత్వ లెక్కల పనుల్లో ఉన్న తెలుగువాళ్లం. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి అక్కడి చెరకు తోటలకు కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు ఉన్నారు. ఇవాళ వైద్యవిద్య కోసం ఆ ప్రాంతపు కాలేజీల్లో చేరుతున్నవాళ్లలోనూ మన పిల్లలు ఉన్నారు. అయినా తెలుగులో రాయడానికి అసలు కారణం వేరు. మీ మండళ్లలో బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్‌ల తరఫున కూడా మాట్లాడే కుర్చీ భారతదేశానికి ఉంది. ఆ కుర్చీ ఈ విషయంలో ఏ పక్షాన మాట్లాడుతుందో అడిగే హక్కు తెలుగు పాఠకుడికి ఉంది. దీవుల్లో ఎక్కువ దేశాలకు విడి కుర్చీ లేదు. కెనడా, ఐర్లండ్‌లతో కలిపి పదికి పైగా దేశాలకు ఒక్క ప్రతినిధి.

హైతీ గురించి ఇందులో రాయడం లేదు. అక్కడి సంక్షోభం లోతు వేరు, దాన్ని ఒక పేరాలో ఇరికించడం అన్యాయం.

ముందు తలసరి లెక్క ఎక్కడ తప్పుతోందో చూడండి. డొమినికా జనాభా సుమారు 70 వేలు, మన దగ్గర ఒక పెద్ద మండలమంత. 2015 ఆగస్టులో ఎరికా తుపాను గాలి పెద్దగా లేకుండానే వానతో ముంచింది. కొండచరియలు విరిగిపడ్డాయి, వంతెనలు కొట్టుకుపోయాయి. పెటీ సవాన్ అనే ఊరు మళ్లీ కాపురానికి పనికిరాక ఖాళీ చేయాల్సి వచ్చింది. నష్టం 48 కోట్ల డాలర్లకు పైనే, దేశం ఏడాదంతా కష్టపడి సంపాదించే దానిలో నూటికి 90 వంతులు. ఆ రోడ్లు ఇంకా పూర్తికాకముందే 2017 సెప్టెంబర్ 18 రాత్రి మరియా వచ్చిపడింది, అయిదో శ్రేణి హరికేన్. ప్రధానమంత్రి ఇంటి కప్పే ఎగిరిపోయింది. చనిపోయినవారు, ఆచూకీ లేనివారు కలిసి 65 మంది. నష్టం సుమారు 130 కోట్ల డాలర్లు, అంతకు ముందటి ఏడాది జీడీపీకి 226 శాతం.

2014లో హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు స్తంభాలు నిలబెట్టడానికి పక్క జిల్లాల నుంచి విద్యుత్ సిబ్బంది వచ్చి దిగారు. డొమినికాకు పక్క జిల్లా లేదు. స్తంభం, తీగ, ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని ఎక్కించే మనిషి, అందరూ అన్నీ సముద్రం దాటే రావాలి. వాటిని దించాల్సిన రేవు కూడా అదే తుపానులో దెబ్బతిని ఉంటుంది.

ఒక మేలు ఒప్పుకోవాలి. చిన్న దీవుల మినహాయింపు కింద డొమినికా, గ్రెనడా, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్‌లకు ప్రపంచ బ్యాంకులోని ఐడీఏ నిధి నుంచి తక్కువ వడ్డీ, దీర్ఘకాలపు రుణాలు అందుతున్నాయి. మిగతా దీవుల సంగతి అలా లేదు. బార్బడోస్‌ను 1993లోనే ‘ఎదిగిన దేశం’ అని మామూలు రుణాల వరస నుంచి పక్కకు పెట్టారు. ఆంటిగ్వా బార్బుడాను 2022 జనవరి 1న ఓఈసీడీ అనే కూటమిలోని సంపన్న దేశాలు అభివృద్ధి సాయానికి అర్హుల జాబితాలోంచి తీసేశాయి. 2017లో ఇర్మా తుపాను బార్బుడాలో నూటికి 90 కట్టడాలను పాడుచేసింది, దీవిలోని జనాన్నంతా ఆంటిగ్వాకు తరలించారు. దాని తర్వాత కరోనా వచ్చి పర్యాటకుల రాకను ఆపేసింది. ఆ రెండు దెబ్బలూ మానకముందే ‘మీకిక సాయం అక్కర్లేదు’ అన్న కాగితం వచ్చింది.

తలసరి ఆదాయం గాలి వీచకముందు తీసిన లెక్క. అందులో పరాయి దేశపు యజమాని హోటల్ లాభం కూడా కలిసి ఉంటుంది. చిన్న జనాభాతో భాగిస్తే అంకె పెద్దదై కనిపిస్తుంది. దీని పర్యవసానం మామూలు మనుషుల మీద ఎలా పడుతోందో వరసగా రాస్తున్నాం.

1. ఇంటి కప్పు. హరికేన్‌లో ఇల్లు పాడవడం చాలాసార్లు కప్పుతోనే మొదలవుతుంది. గాలి రేకును పైకి లాగుతుంది. ఆ లాగుడు మూలల్లో, చూరు అంచున, కొప్పు దగ్గర అన్నిటికంటే ఎక్కువ. అక్కడ మేకులు కొట్టి ఉంటే, రేకు ఊగేకొద్దీ అవి వదులై ఊడి వచ్చేస్తాయి. ఒక్క రేకు లేచిందా, ఆ సందులోంచి దూరిన గాలి మిగతా కప్పును కిందినుంచి నెడుతుంది. నిలబడే కప్పు ఎలా ఉండాలో అక్కడి మేస్త్రీలకు బాగా తెలుసు. నాలుగు వైపులా వాలు ఉండాలి. రేకు 24 గేజిది కావాలి, 28 గేజిది పలచన, చిరుగుతుంది. మేకులకు బదులు స్క్రూలు బిగించాలి, మూలల్లోనూ అంచుల్లోనూ మరింత దగ్గర దగ్గరగా. ప్రతి వాసాన్నీ గోడ మీది దూలానికి జింకు పూత పట్టీతో కట్టాలి, ఆ దూలాన్ని గోడలోంచి వచ్చే కడ్డీకి బిగించాలి. చూరు అడుగున్నర దాటకూడదు. వరండా కప్పును అసలు కప్పుకు కలపకూడదు, మొదట లేచేది అదే కాబట్టి కలిపితే రెండోదాన్నీ లాక్కుపోతుంది.

ఈ స్క్రూలు, పట్టీలు, మందపు రేకులు దాదాపు అన్నీ దిగుమతి సరుకే. సాయం సొమ్ము నెలల తరబడి రాకపోతే జనం ఏం చేస్తారు? టార్పాలిన్ కింద కొన్నాళ్లు ఉంటారు. తర్వాత ఎగిరిపోయిన పాత రేకులను పొలాల్లోంచి ఏరుకొచ్చి, సుత్తితో సాపు చేసి, మళ్లీ మేకులతోనే కొట్టుకుంటారు. పాత బెజ్జాల్లో మేకు పట్టదు. పక్కన కొత్త బెజ్జం పెడితే పాతదాంట్లోంచి వాన దిగి వాసం పుచ్చుతుంది. వచ్చే తుపానుకు ఆ ఇల్లు మళ్లీ పోతుంది. 2025 అక్టోబర్ 28న మెలిస్సా హరికేన్ గంటకు 185 మైళ్ల గాలితో జమైకా నైరుతి తీరాన్ని తాకి లక్షకు పైగా ఇళ్లను పాడుచేసింది. ఆ ఇళ్లు ఏ రేకుతో, దేనితో బిగించుకుని లేస్తాయన్నది మీ దగ్గర కాగితాలు ఎంత వేగంగా కదిలితే అంత.

2. చెట్టు. గ్రెనడా జెండా మీద జాజికాయ బొమ్మ ఉంటుంది. పసిపిల్లలకు మన ఇళ్లలో అరగదీసి పట్టే జాజికాయే అక్కడ దేశపు పంట. ఇండోనేషియా తర్వాత ప్రపంచంలో రెండో స్థానం గ్రెనడాదిగా ఉండేది. 2004 సెప్టెంబర్ 7న ఐవాన్ వచ్చి దాదాపు నూటికి 90 చెట్లను కూల్చడమో పాడుచేయడమో చేసింది. ఇళ్లలోనూ నూటికి 90 వరకు దెబ్బతిన్నాయి, మొత్తం నష్టం జీడీపీకి రెట్టింపు. పది నెలలకు ఎమిలీ వచ్చి మిగిలినవాటిని ఊపింది. జాజి మొక్క గింజ నుంచి పెరిగి కాపుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్లు, నిండు కాపుకు పదిహేనేళ్ల పైన. పైగా అందులో ఆడ, మగ చెట్లు వేరు. పూత పూసేదాకా ఏది ఏదో తెలియదు, అంటే అయిదారేళ్లు సాకిన మొక్కల్లో సగం మగవై కాయకపోవచ్చు. అంటు కడితే ఆడ మొక్కే వస్తుంది, దానికి నర్సరీ, నేర్పరి చేతులు, పదేళ్ల ఓపిక ఉన్న పెట్టుబడి కావాలి. మూడేళ్లకో అయిదేళ్లకో వాయిదాలు మొదలయ్యే అప్పు పెట్టి ఎనిమిదేళ్ల చెట్టును ఎవరూ నాటరు. యాభై ఏళ్లు దాటిన రైతులు చాలామంది మళ్లీ నాటనే లేదు.

3. అప్పు వాయిదా. తుపాను పోయిన మర్నాడు ఖజానాకు ఏమవుతుందో మీకు మేం చెప్పక్కర్లేదు, అయినా రాస్తాం. హోటళ్లు మూతబడతాయి, విమానాలు ఆగుతాయి, అమ్మకం పన్ను పడిపోతుంది. ఖర్చు మాత్రం అదే రోజు మొదలవుతుంది: శిథిలాల తొలగింపు, నీళ్ల ట్యాంకర్లు, జనరేటర్ల డీజిల్, జీతాలు. ఈ మధ్యలో బాండు వడ్డీ తేదీ వస్తుంది. గ్రెనడా 2013లో కట్టలేక చేతులెత్తేసింది. 2015లో అప్పును తిరగరాసినప్పుడు బాండులోనే ఒక షరతు పెట్టించుకుంది. లెక్కగట్టిన తుపాను నష్టం 1.5 కోట్ల డాలర్లు దాటితే ఒక అర్ధ సంవత్సరపు చెల్లింపు, 3 కోట్లు దాటితే రెండు చెల్లింపులు ఆగుతాయి. ఆగిన సొమ్ము ఎగ్గొట్టినట్టు కాదు, అసలులో కలుస్తుంది. 2024 జూలై 1న బెరిల్ హరికేన్ గ్రెనడాకే చెందిన కరియాకూ దీవిలో దాదాపు ఏ కట్టడాన్నీ వదలకుండా పాడుచేసినప్పుడు ఆ షరతు నిజంగా పనిచేసింది. ఎవరినీ బతిమాలకుండా, రేటింగ్ గొడవ లేకుండా, ఆ డబ్బు దీవిలోనే నిలిచింది. 2018, 19లలో బార్బడోస్ కూడా తన బాండుల్లో ఇలాంటిదే రాయించుకుంది. పనిచేసే పనిముట్టు ఇదని తేలాక కూడా పాత అప్పుల్లో చాలావాటికి ఇది లేదు.

జమైకా కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 2013లో జీడీపీలో 140 శాతం దాటిన అప్పును మీ షరతుల ప్రకారమే, జీతాలు బిగబట్టి, రోడ్లూ ఆస్పత్రుల ఖర్చు తగ్గించి, పన్నెండేళ్లలో సగం కంటే కిందికి దించింది. మీ నివేదికల్లో మెచ్చుకున్నారు కూడా. ఒక్క మెలిస్సా 880 కోట్ల డాలర్ల నష్టం మిగిల్చింది, జీడీపీలో 41 శాతం. చెప్పినదంతా చేసిన దేశానికి కూడా తక్కువ వడ్డీ గుమ్మం తెరుచుకోదంటే, ఇక ఎవరికి ఏమని చెబుతారు?

4. బీమా. కరీబియన్ ప్రభుత్వాలు 2007లో సీసీఆర్ఐఎఫ్ అనే ఉమ్మడి బీమా నిధి పెట్టుకున్నాయి. ఇందులో సర్వేయరు వచ్చి పాడైన ఇళ్లు లెక్కపెట్టడు. గాలి వేగం, తుపాను నడిచిన దారి, ఉప్పెన ఎత్తు వంటివి నమూనాలో వేసి నష్టాన్ని అంచనా కడతారు. ముందే అనుకున్న గీత దాటితే 14 రోజుల్లో డబ్బు పడుతుంది. వేగం విషయంలో దీనికి సాటి లేదు. లోపం రెండు చోట్ల ఉంది. మొదటిది గీత. ఎరికాలో ప్రాణం తీసింది వాన, పాలసీ కొలిచింది గాలి. హరికేన్ పాలసీ పైసా ఇవ్వలేదు, వాన పాలసీ కింద 24 లక్షల డాలర్లు వచ్చాయి, నష్టంలో నూటికి అర్ధ వంతు. విపత్తు వస్తే మదుపరుల సొమ్ము ప్రభుత్వానికి దక్కేలా రాసుకున్న జమైకా విపత్తు బాండు సంగతీ ఇంతే. 2024లో బెరిల్ దక్షిణ తీరాన్ని చీల్చుకుంటూ పోయినా, తుపాను కేంద్రంలో వాయుపీడనం ఒప్పందంలో రాసినంత కిందికి దిగలేదని ఒక్క డాలరూ రాలేదు. రెండో లోపం పరిమాణం. మరియాకు డొమినికాకు వచ్చింది సుమారు 1.9 కోట్ల డాలర్లు, నష్టంలో నూటికి ఒకటిన్నర. మెలిస్సాకు బాండు పూర్తిగా చెల్లించింది, 15 కోట్లు. ఉమ్మడి నిధి సొమ్ము కలిపినా నష్టంలో నూటికి మూడు వంతులు కాలేదు. బీమా ఉంది కదా అని అప్పు షరతులు సడలించకపోవడం ఈ లెక్క తెలిసినవాళ్లు చేయాల్సిన పని కాదు.

5. నాచు. 2011 నుంచి సర్గాసం అనే గోధుమరంగు సముద్రపు నాచు అట్లాంటిక్ మీదుగా తెట్టులు తెట్టులుగా ఒడ్డుకు వస్తోంది. 2025 మే నెలలో ఉపగ్రహాలు కొలిచింది సుమారు 3.75 కోట్ల టన్నులు, అప్పటివరకు అదే రికార్డు. ఒడ్డున పడ్డ ఒకటి రెండు రోజుల్లో తీసేయాలి. లేకపోతే కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. తలనొప్పి, కళ్ల మంట, ఆయాసం వస్తాయి, తీరపు ఇళ్లలో ఫ్రిజ్‌లు, ఏసీల రాగి గొట్టాలు నల్లబడి తినేసుకుపోతాయి. యంత్రంతో గీకితే ఇసుక కూడా లేచిపోతుంది, తాబేళ్ల గుడ్లు నలిగిపోతాయి. చేత్తో ఎత్తాలంటే కూలీలు చాలరు. ఆర్సెనిక్ ఉండటం వల్ల నేరుగా ఎరువుగా వేయలేరు. మత్స్యకారుడి పడవ ఇంజను రెక్కకు చుట్టుకుంటే ఆ రోజు వేట లేనట్టే. ఈ శుభ్రం చేసే ఖర్చు ఏ విపత్తు పద్దులోనూ పడదు, గాలి వీచలేదు కాబట్టి.

6. తిండి. కరీబియన్ దేశాల ఉమ్మడి సంఘం కారికామ్‌లోని దేశాల ఆహార దిగుమతి బిల్లు ఏటా 600 కోట్ల డాలర్ల దరిదాపు. 2025 కల్లా నాలుగో వంతు తగ్గిద్దామని పెట్టుకున్న గడువును 2030కి జరిపారు. అరటి రైతుకు యూరప్‌లో ఉన్న రాయితీ ప్రవేశం ప్రపంచ వాణిజ్య సంస్థ తగవుల్లో కరిగిపోయింది. చక్కెర ధర కోతల ముందు సెయింట్ కిట్స్ మూడు శతాబ్దాల చెరకు సాగును 2005లో ఆపేసింది. ఆ భూములకు వేరే పంట, శీతల గిడ్డంగి, దీవి నుంచి దీవికి తిరిగే సరుకు ఓడ ఎవరూ సమకూర్చలేదు. కంటెయినర్ వారం ఆలస్యమైతే కోడిమాంసం, గోధుమపిండి ధరలు ఆ వారమే పెరుగుతాయి.

7. నర్సులు, టీచర్లు. 2006లో ఐఎంఎఫ్ నుంచే వెలువడిన ఒక పరిశీలనలో జమైకాలో కాలేజీ చదువు పూర్తిచేసినవారిలో నూటికి 80 మందికి పైగా వలస పోయినట్టు తేలింది. వార్డు నర్సు వెళ్లిపోతే ఆపరేషన్ తేదీ వెనక్కి జరుగుతుంది. శిక్షణ ఖర్చు దీవిది, సేవ వేరే దేశానిది.

ఇక మేం అడుగుతున్నవి.

దుర్బలతా సూచికను ఐడీఏ అర్హతలో తలసరి ఆదాయంతో సమాన స్థానంలో పెట్టండి. 21వ విడత నిధి 2028 జూన్‌తో ముగుస్తుంది, తర్వాతి విడత షరతులు రాసేది అంతకు ముందే. ఆ ముసాయిదాలో ఈ వాక్యం లేకపోతే మరో మూడేళ్లు పోయినట్టే.

హరికేన్ షరతును కొత్త అప్పులకే పరిమితం చేయకండి. ప్రపంచ బ్యాంకు 2023లో చిన్న దేశాలకు ఈ వీలు మొదలుపెట్టింది, సంతోషం. అభివృద్ధి బ్యాంకులన్నీ, అప్పిచ్చిన ప్రభుత్వాలన్నీ తమ పాత రుణాల్లోనూ చేర్చాలి. గాలితో పాటు వానను, కరువును లెక్కలోకి తీసుకోవాలి. చెల్లింపుల నిలుపుదల రెండేళ్లు ఉండాలి, ఆ రెండేళ్లకు వడ్డీ మీద వడ్డీ వేయకూడదు.

వాతావరణ దెబ్బల వంటివి తట్టుకోవడానికి అప్పిచ్చేందుకు ఐఎంఎఫ్ 2022లో తెరిచిన రెసిలియన్స్ ట్రస్టు గడువు బాగుంది, 20 ఏళ్లు, మొదటి పదిన్నరేళ్లు అసలు కట్టక్కర్లేదు. కానీ పక్కన మరో ఐఎంఎఫ్ కార్యక్రమం నడుస్తుంటేనే ఇస్తారు. లక్ష జనాభా ఉన్న దేశంలో ఆర్థిక శాఖ అంటే కొద్దిమంది ఉద్యోగులు. ఆ మనుషులే తుపాను సహాయమూ చూడాలి, మీ రెండు కార్యక్రమాల నివేదికలూ నింపాలి. చిన్న దీవులకు ఈ జోడు షరతు తీసేయండి.

వాతావరణ నష్టాల కోసం 2022లో ఒప్పుకున్న అంతర్జాతీయ నిధికి 2025 నాటికి ప్రపంచ దేశాలన్నీ కలిపి మాట ఇచ్చింది సుమారు 77 కోట్ల డాలర్లు. మెలిస్సా ఒక్క జమైకాకు చేసిన నష్టంలో పదో వంతు కూడా లేదు. మీ మండళ్లలో కూర్చున్న సంపన్న దేశాలే ఆ మాట ఇచ్చినవి. అంకె పెంచండి, ఇచ్చినదాన్ని ఖజానాకు నేరుగా వేయండి.

భారత ప్రతినిధులకు ప్రత్యేకంగా రెండు మాటలు. 2021 ఫిబ్రవరిలో డొమినికాకు 70 వేల టీకా డోసులు పంపింది మన దేశం. జనాభాతో పోల్చి చూస్తే అది ఎంత పెద్ద సాయమో అక్కడివాళ్లు మరిచిపోలేదు. 2024 నవంబర్‌లో గయానా రాజధాని జార్జిటౌన్‌లో కారికామ్ నేతలతో శిఖరాగ్ర సమావేశమూ జరిగింది. ఆ స్నేహం మీ ఓటులో కనిపించాలి. దుర్బలతా సూచిక చర్చకు వచ్చినప్పుడు ‘పెద్ద పేద దేశాల వాటా తగ్గుతుంది’ అన్న భయం వినిపిస్తుంది. దీవుల జనాభా ఎంతో, వారికి కావాల్సిన మొత్తం ఎంతో లెక్కవేసి చూస్తే ఆ భయానికి ఆధారం కనిపించదు. రెండోది, భారత్ చొరవతో ఢిల్లీలో నడుస్తున్న విపత్తులను తట్టుకునే మౌలిక సదుపాయాల కూటమికి చిన్న దీవుల కోసం ఐరిస్ అనే విభాగం ఉంది. దాని కింద స్క్రూలు, పట్టీలు, 24 గేజి రేకులు తుపానుల కాలానికి ముందే తూర్పు కరీబియన్‌లో ఒక గిడ్డంగిలో నిలవ చేయించండి. టార్పాలిన్లు పంపడం కంటే ఇది చవక.

అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1న మొదలై నవంబర్ 30 దాకా ఉంటుంది. మీ వసంత సమావేశాలు ఏప్రిల్‌లో. ఈ కోరికలను ఆ సమావేశాల ఎజెండాలో చేర్చి, ఏది ఒప్పుకున్నారో, ఏది ఒప్పుకోలేదో, ఎందుకో, జూన్ 1 లోపు రాతపూర్వకంగా ప్రకటించమని కోరుతున్నాం.

ఇట్లు,
కరీబియన్ దీవుల్లో పనిచేస్తున్న కొందరు తెలుగు ఇంజనీర్లు, వైద్యులు, లెక్కల ఉద్యోగులు